ఏడు వాక్యముల ప్రార్థన

ఒక మతము దేవుని యెదుట ఏమని పలుకునో వినిన పిమ్మటనే దానిని విమర్శించుట న్యాయము. మన సంఘములలో అనేకులు ఇస్లామును గూర్చి ఎరిగినది ఐదు పూటల నమాజు, రంజాను ఉపవాసము, మక్కా యాత్ర. విశ్వాస ప్రమాణమును, బీదల కొరకైన జకాతును చేర్చినయెడల ఆ మతస్తంభములు ఐదును పూర్తియగును. అయితే నమాజులో వారు పలుకు మాటలేవి అని అడిగినచో చెప్పగలవారు అరుదు.

ఆ మాటలలో ముఖ్యమైనది "ఫాతిహా". ఖురానులోని 114 సూరాలలో ఇది మొదటిది, వాక్యములు ఏడే. నిలుచుట, వంగుట, సాగిలపడుట కలిసిన ఒక్కొక్క ఆవృత్తిని రకాతు అందురు. ప్రతి రకాతులోను ఫాతిహా పఠింపబడును. విధిగా చేయవలసిన రకాతులు దినమునకు 17 గనుక, నియమము తప్పని ముస్లిము దినమునకు 17 మారులైనను దీనిని పలుకును.

దీని కూర్పును గమనింపుడి. మొదట స్తోత్రము: దేవుడు సర్వలోకముల ప్రభువు, కరుణగలవాడు, తీర్పుదినమునకు అధిపతి. ఇంతవరకు "ఆయన" అనిన నోరు, వెంటనే "నీవు" అని సంబోధించి, ఆరాధనయు ఆశ్రయమును ఆయనయొద్దనే యని ఒప్పుకొనును. స్తుతించుచునే సన్నిధిలోనికి వచ్చినట్లున్నది! పిమ్మట ఒక్కటే మనవి: తిన్నని త్రోవను నడిపించుమని.

అరబీలో వాక్యములు "ఈన్", "ఈమ్" అను నాదముతో ముగియును. తెలుగు చేసినయెడల ఆ నాదము పోవును. అర్థములోను కొంత జారిపోవును. కరుణను తెలుపు "రహ్మాన్", "రహీమ్" అను నామములు తల్లి గర్భమును తెలుపు మాటతో ఒకే ధాతువునకు చెందినవి. పాత నిబంధనలో కనికరమునకు వాడిన హెబ్రీ మాటకును ఇదే చుట్టరికము కలదు.

చివరి వాక్యము కొందరిని నొప్పించును. ఉగ్రతకు పాత్రులైనవారి త్రోవయు, దారి తప్పినవారి త్రోవయు తమకు వద్దని అందులో వేడుకొందురు. ప్రాచీన వ్యాఖ్యాతలనేకులు మొదటివారు యూదులనియు, రెండవవారు క్రైస్తవులనియు వ్రాసిరి. దీనిని దాచనక్కరలేదు. అయినను మూలములో ఏ జనము పేరును లేదు. వ్యాఖ్యానమును మూలమునకు అంటగట్టి కోపించుట మంచి చదువరి లక్షణము కాదు. మన కీర్తనలలోని శాపవాక్యములను ఇతరులు అట్లు చదివినయెడల మనము ఒప్పుకొందుమా?

భేదమును సైతము దాచరాదు. ఖురాను యేసును మరియ కుమారుడైన ఈసా ప్రవక్తయని గౌరవించును గాని దేవుని కుమారుడని అంగీకరింపదు. ప్రభువు నేర్పిన ప్రార్థన "తండ్రీ" యని మొదలై, ఆహారమును, క్షమాపణను అడుగును. క్షమాపణను గూర్చి ఖురాను ఇతర స్థలములలో విస్తారముగా చెప్పినను, ఫాతిహాలో దాని కొరకు వేరుగా మనవి లేదు. పిల్లవాడు తండ్రిని అడుగుటకును, సేవకుడు యజమానుని వేడుకొనుటకును గల భేదము ఇది, చిన్నది కాదు.

అయినను ఒక్క పోలిక మన హృదయములను తాకవలెను. ఒంటరిగా నిలిచిన ముస్లిమును "మమ్మును నడిపించుము" అనియే వేడును. మనమును "మా తండ్రీ" అందుము. దినమునకు 17 మారులు త్రోవ అడుగు పొరుగువానిని త్రోవ తెలియనివాడని పరిహసింపకముందు, మన ప్రభువు నేర్పిన ప్రార్థనను ఆదివారమున ఒక్కమారైనను మనస్సు పెట్టి పలుకుచున్నామా యని పరీక్షించుకొందము.