చూడని చిత్రంపై తీర్పు: క్రీస్తు శ్రమల చిత్రాలు, తెలుగునాట వివాదం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రీస్తు మరణాన్ని, ఆ మరణానికి అర్థమిచ్చే విశ్వాసాన్ని తెరకెక్కించిన చిత్రాలపై రేగిన వివాదాలను తెలుగు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ‘కరుణామయుడు’ (1978), ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ (2004), ‘ది డావిన్సీ కోడ్’ (2006) చిత్రాలు ఇందుకు ఆధారం. 2006 నాటి నిషేధం ‘చూడవచ్చా, కూడదా’ అన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. శ్రమల చిత్రాన్ని అడగవలసిన అసలు ప్రశ్న ‘ఇది నేరాన్ని ఎవరిపై మోపుతున్నది’ అన్నది. ఈ రెండు ప్రశ్నల మధ్య దూరాన్ని వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: క్రీస్తు శ్రమలు, సిలువ, భక్తిచిత్రం, నిషేధం, మనోభావాలు, విమర్శ.

1. ప్రవేశిక:
నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచ వంటి పల్లెలు ఉమ్మడి మెదక్ జిల్లాలో భాగంగా ఉండేవి. ఆ జిల్లాలోని మెదక్ పట్టణంలో చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మితమై 1924లో ప్రారంభమైన కెథడ్రల్ ఉన్నది. అందులోని రంగుటద్దాల కిటికీలు మూడు ఘట్టాలను చూపుతాయి: క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం. మరణం అక్కడ ఒంటరిగా నిలవదు. దాని ముందు పుట్టుక, తరువాత పరలోక ప్రస్థానం ఉన్నాయి. ఈ ప్రాంతపు విశ్వాసికి సినిమా కంటే ముందే సిలువ దృశ్యం ఈ వరుసలో పరిచయమైంది. మంచి శుక్రవారం నాడు సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించే ఆచారం కూడా మరణాన్ని శిక్షగా కాక సందేశంగా వినిపిస్తుంది. సాహిత్యంలో గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ కావ్యం 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. తెలుగు ప్రేక్షకుడు శ్రమల చిత్రాన్ని చూసే చూపునకు ఇంతటి పూర్వరంగం ఉన్నది.

2. కరుణామయుడు – మరణం ఊరేగింపుగా:
ఎ. భీంసింగ్ దర్శకత్వంలో విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ 1978లో విడుదలైంది. తరువాత ‘దయాసాగర్’గా హిందీలోకి, ఇతర భారతీయ భాషల్లోకి వెళ్లింది. సంచార ప్రదర్శన బృందాల ద్వారా పల్లెలకూ చేరింది. సిలువ మోసే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ రచించగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆలపించిన ‘కదిలింది కరుణరథం’ పాట ఈ చిత్రానికి గుండెకాయ. ఇందులో ‘రథం’ అన్న మాట గమనార్హం. వధ్యస్థలానికి నడిచే దోషి యాత్రను కవి రథోత్సవంగా మలిచాడు. దేవుడు వీధుల్లోకి రావడం, జనం దారికి ఇరువైపులా నిలిచి చూడడం తెలుగు పల్లెకు పరిచితమైన అనుభవం. పౌరాణిక చిత్రాన్ని దర్శనంగా స్వీకరించే ప్రేక్షకుడికి ఈ క్రీస్తు పరాయివాడు కాలేదు. హింస ఇక్కడ కరుణకు నేపథ్యంగా మాత్రమే ఉన్నది.

3. ప్యాషన్ – నేరం ఎవరిది?
మెల్ గిబ్సన్ చిత్రం ఇందుకు భిన్నమైనది. 2004 ఫిబ్రవరి 25న, భస్మ బుధవారం నాడు, అమెరికాలో విడుదలైన ఈ చిత్రం క్రీస్తు చివరి పన్నెండు గంటలపై కేంద్రీకృతమైంది. సువార్తలతోపాటు ఆన్ కాథరీన్ ఎమ్మెరిక్ అనే జర్మన్ సన్యాసిని దర్శనాల నుండి కూడా దర్శకుడు సామగ్రి స్వీకరించాడు. కొరడా దెబ్బల దృశ్య విస్తారం ఒక వివాదమైతే, యూదుల చిత్రణ అంతకంటె పెద్ద వివాదం. మత్తయి సువార్త 27:25లో జనసమూహం క్రీస్తు రక్తాపరాధాన్ని తమపై, తమ పిల్లలపై వేసుకుంటుంది. శతాబ్దాలపాటు ఐరోపాలో యూదులపై ద్వేషానికి ఈ వచనాన్ని వాడుకున్నారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఆ మరణ దోషాన్ని యూదులందరిపై మోపరాదని ప్రకటించింది. గిబ్సన్ ఆ మాటను అరమాయిక్ సంభాషణలో ఉంచి, ఉపశీర్షికను మాత్రం తొలగించాడు. వినిపిస్తూనే అర్థం కాకుండా చేసిన ఈ రాజీ వివాదాన్ని చల్లార్చలేదు.

ఇది పాశ్చాత్యుల తగాదా అని తెలుగు పాఠకుడు పక్కన పెట్టడానికి వీలులేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమూహం ఉన్నది. వీరు మాదిగ కుటుంబాల నుండి వచ్చినవారు. తెలుగు క్రైస్తవుల్లోనూ దళితుల సంఖ్య గణనీయం. యాజక వ్యవస్థ, రాజ్యాధికారం కలిసి ఒక నిరపరాధిని చంపిన కథగా దళిత విశ్వాసి సిలువను చదివినప్పుడు దోషం అధికారంపై నిలుస్తుంది. అదే కథను ఒక జాతి దోషంగా చదివితే అది మరో బలహీనుడి మీదికి మళ్లుతుంది. సిలువ కథ తెరపై ఈ రెండు దారుల్లో దేనిని పట్టిందన్నది ప్రతి శ్రమల చిత్రాన్నీ అడగవలసిన ప్రశ్న. ‘కరుణామయుడు’కు కూడా దీని నుండి మినహాయింపు లేదు.

4. డావిన్సీ కోడ్ – చూడకముందే నిషేధం:
తెలుగునాట వివాదం మరో చిత్రంపై రాజుకుంది. డాన్ బ్రౌన్ నవల ఆధారంగా రాన్ హోవర్డ్ తీసిన ‘ది డావిన్సీ కోడ్’ క్రీస్తు మరణాన్ని చూపే చిత్రం కాదు. మగ్దలేనే మరియతో ఆయనకు వివాహమైందని, సంతతి కలిగిందని చెప్పే కల్పన అది. అయితే క్రీస్తు దైవత్వమే సిలువ మరణాన్ని రక్షణ కార్యంగా నిలబెడుతుందని సంఘం నమ్మిక. ఆ దైవత్వాన్ని సందేహిస్తే మరణం ఒక వధగా మాత్రమే మిగులుతుంది. విశ్వాసుల నొప్పికి మూలం ఇక్కడ ఉన్నది. ఆ నొప్పి నటన కాదు.

కేంద్ర సెన్సారు బోర్డు కథ కల్పితమన్న ప్రకటనతో చిత్రానికి ‘ఎ’ ధ్రువపత్రం ఇచ్చింది. అయినా 2006 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం, మతసంఘాల అభ్యంతరాల నేపథ్యంలో, 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద ప్రదర్శనను నిలిపివేసింది. లక్ష్మీ గణేష్ ఫిలింస్ దాఖలు చేసిన పిటిషన్‌పై హైకోర్టులో జస్టిస్ గోడా రఘురాం ఆ నెలలోనే ఉత్తర్వును కొట్టివేశారు. నిషేధించిన అధికారులు చిత్రాన్ని స్వయంగా పరిశీలించలేదన్నది తీర్పులో కీలకాంశం. కొందరి అభ్యంతరాన్నే ప్రమాణంగా తీసుకొని ఇతరుల స్వేచ్ఛను హరించరాదని న్యాయస్థానం భావించింది. నిరసనల బెదిరింపు భావప్రకటనను అణచడానికి కారణం కాజాలదని సుప్రీంకోర్టు 1989లోనే ఎస్. రంగరాజన్ కేసులో స్పష్టం చేసింది.

5. విమర్శ బాధ్యత:
తీర్పు చూసే హక్కును నిలబెట్టింది. ఎలా చూడాలో చెప్పడం న్యాయస్థానం పని కాదు, అది విమర్శ పని. ఇక్కడ రెండు తొందరపాట్లు పొంచి ఉంటాయి. మైనారిటీ మనోభావం గాయపడిందనగానే చిత్రాన్ని మూసివేయాలనడం ఒకటి. హక్కు గెలిచింది గనుక గాయం అబద్ధమనడం రెండవది. ఈ రెండింటికీ చిత్రాన్ని చూడవలసిన అవసరం ఉండదు. చూసిన విమర్శకుడికి మాత్రమే ఫలానా దృశ్యం నేరాన్ని ఎక్కడ మోపింది, బాధపడే దేహాన్ని కరుణకు పాత్రం చేసిందా లేక వినోదం చేసిందా అని చెప్పే అధికారం లభిస్తుంది.

6. ముగింపు:
‘కరుణామయుడు’ సిలువను రథంగా చూపింది. ‘ప్యాషన్’ దానిని దెబ్బల లెక్కగా మార్చింది. ‘డావిన్సీ కోడ్’ సిలువ వెనుకనున్న విశ్వాసాన్నే ప్రశ్నించింది. ఈ మూడింటిలో తెలుగునాట ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నది చివరిది. నేరం ఎవరిదన్న ప్రశ్నను రేపిన రెండవది మాత్రం తెలుగు సమాజానికి మరింత దగ్గరిది. సువార్త కథలో పిలాతు చేతులు కడుక్కున్నాడు. చూడకుండా నిషేధించే అధికారి, చూడకుండా సమర్థించే పాఠకుడు చేసేదీ అటువంటిదే. క్రీస్తు శ్రమల చిత్రాలపై తెలుగు పరిశోధన దృశ్యాన్ని చూసి, అందులో నేరం మోపబడిన వారి పక్షం కూడా విన్న తరువాతనే తన తీర్పు చెప్పాలి.