అతిథియు ఆతిథేయుడును : హంపీ యాత్ర విషయమున తెలుగు కవుల సాక్ష్యము

కర్ణాటక దేశమున తరతరములుగా వసించు తెలుగువారికి హంపీ పరాయి ఊరు కాదు. ఆంధ్రదేశమునుండి బంధువులు వచ్చినపుడు వారిని వెంటబెట్టుకొని పోయి చూపు స్థలములలో అది మొదటిది. హోసపేటలో రైలు దిగి, సుమారు 13 కిలోమీటర్లు పోయి, విరూపాక్షుని గోపురము కంటబడగానే తెలుగువాని నోట వచ్చు మాటలు సామాన్యముగా మూడు: రాయలు, భువనవిజయము, అష్టదిగ్గజములు. ఆ యుత్సాహము సహజమైనదే. కాని ఆ గోపురచ్ఛాయలో అరటిపండ్లు అమ్ముకొను స్త్రీయు, తుంగభద్రలో పుట్టి నడుపువాడును, తన యింటి ముందుగదిని యాత్రికులకు అద్దెకిచ్చు గృహస్థుడును ఆ యుత్సాహమునకు కానవచ్చుట లేదు. యాత్రికుల రాకపోకలవలన వీరికి కలిగిన మేలెంత? కీడెంత?

ఈ ప్రశ్న అర్థశాస్త్రజ్ఞులకును అధికారులకును మాత్రమే సంబంధించినదని తలచుట పొసగదు. యాత్రికుని కన్ను ఏమి చూచునో, దేనిని చూడక దాటిపోవునో నిర్ణయించునది చాలవరకు అతడు చదివిన సాహిత్యము. హంపీ విషయమున తెలుగువాని చూపును తీర్చినవి కావ్యములు. కావున ఆ కావ్యములనే ముందుగా విచారింపవలసియున్నది.

1. ఆముక్తమాల్యద: వంటయింటి పొగ

1509 మొదలు 1529 వరకు విజయనగరమును పాలించిన శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యద తొలి యాశ్వాసమున విష్ణుచిత్తుని యాతిథ్యవర్ణన మున్నది. స్థలము పాండ్యదేశమందలి విల్లిపుత్తూరు. నేటి తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు. దూరప్రాంతములనుండి వచ్చు భాగవతులకు విష్ణుచిత్తుడు అన్ని ఋతువులలోను అన్నము పెట్టుచుండును. ఈ ఘట్టమును పండితులు రాయల లోకజ్ఞతకును, భోజనపదార్థముల పట్టికకును ఉదాహరణముగా చూపుట పరిపాటి. అయితే దీనియందు అంతకంటె ముఖ్యమైన విశేష మొకటి కలదు.

వానకాలమున జడి పట్టి కట్టెలు తడిసినపుడు, విష్ణుచిత్తుని భార్య కొబ్బరి చిప్పలను రాజవేసి వంట చేయును. ఏల? ఆమె కంటికి పొగ తగులకుండుటకు. అతిథి పంక్తిలో కూర్చుండి పప్పును కూరలను వడియములను పెరుగును ఆరగించుచుండగా, కవి దృష్టి గోడ కావలనున్న పొయ్యివద్దకు పోయినది. రాజ్యమేలు చక్రవర్తి, దేశము నలుమూలల అతిథిపూజలందుకొన్నవాడు, వండు స్త్రీ కంటి మంటను గుర్తించెను. వేసవిలో చందనము పూసి, పలుచని అంబలియు, చెరకు రసమును, లేత కొబ్బరినీరును, మజ్జిగయు పెట్టును. చలికాలమున కొత్తబియ్యపు అన్నమును, మిరియపు పొడియును. ఏ ఋతువున ఆ భూమిలో పండినదే ఆ ఋతువున వచ్చినవాని విస్తరిలో పడుచున్నది. అతిథి కోరినదానిని దూరమునుండి తెప్పించుట లేదు. ఊరిలో నున్నదానినే అతిథి స్వీకరించుచున్నాడు. నడురేయి ఆ యింటి చెంత నిలిచినవానికి హరికథలతోపాటు, వంటలోని కొరతలను చెప్పుకొని దయచేసి భుజింపుమని వేడు గృహస్థుని మాటలును వినబడునట!

ఆతిథ్యమునకు ఒక శ్రమ కలదనియు, ఆ శ్రమ ఒకరి శరీరముమీద పడుననియు ఇచట కవి యెరిగియున్నాడు. ఇది ఆతిథేయుని పక్షమున నిలిచి వ్రాసిన కవిత్వము.

2. మనుచరిత్రము: మంచి గృహస్థుడు, మరచిపోవు అతిథి

అదే యాస్థానమున అల్లసాని పెద్దన మనుచరిత్రమును రచించి రాయలకే అంకితమిచ్చెను. ఇందలి ప్రవరుడును అతిథిప్రియుడే. తీర్థవాసులు వచ్చిరని విన్నచో ఎంత దూరమైనను ఎదురేగి తోడితెచ్చి, పూజించి, భోజనము పెట్టి, వారు చూచిన దేశముల వింతలను అడిగి తెలిసికొనును. అతని యిల్లాలు వేయిమంది వచ్చినను అలయదని పెద్దన వర్ణించెను. రాయల వర్ణనకును దీనికిని గల భేదము గమనింపదగినది. వేయిమందికి వండియు అలయని గృహిణి అతిథి ఊహలో మాత్రమే యుండును; పొయ్యి పొగను తప్పించుకొనజూచు గృహిణి నిజముగా ఇంటిలో నుండును. ప్రవరుని పత్నిని అన్నపూర్ణతో సమముగా పొగడుటవలన ఆమె గౌరవము పెరిగినది, ఆమె శ్రమ మరుగుపడినది.

పిదప సిద్ధుడిచ్చిన పాదలేపముతో ప్రవరుడు హిమాలయమునకు పోవును. అతడు పోయినది తీర్థసేవకు కాదు, వింతలు చూచుటకు. నేటి మాటలో చెప్పవలెనన్న అతడు మన సాహిత్యమున తొలి విహారయాత్రికులలో నొకడు. మంచులో లేపము కరిగిపోగా దారి తప్పి, ఆ ప్రదేశమున నివసించు వరూధినిని చూచి, ఊరికి దారి చెప్పుమని యడుగును. అతనికి ఆమె దారి చెప్పవలసిన స్థానికురాలు మాత్రమే. తన యింటికి వచ్చి విశ్రమింపుమని ఆమె పిలుచును, అతడు నిరాకరించును, అగ్నిదేవుని కృపవలన ఇల్లు చేరును. అచటినుండి కావ్యమున ప్రవరునకు పని లేదు. కాని వరూధినికి కథ అప్పుడే ఆరంభమైనది. ఆమె విరహమును, పూర్వము ఆమె తిరస్కరించిన గంధర్వుడు ఆసరాగా గొని, ప్రవరుని రూపము ధరించి ఆమెను వంచించెను.

విమర్శకులు చిరకాలముగా ప్రవరుని నిగ్రహము గొప్పదా, వరూధిని ప్రణయము గొప్పదా యని వాదించుచు వచ్చిరి. యాత్రాదృష్టితో చదివినచో ప్రశ్న మారును. ప్రవరుడు ఏ దోషమును చేయలేదు. ఐనను అతడు వచ్చిపోవుటవలన ఆ చోటి బ్రతుకు పూర్వమువలె నుండలేదు. వచ్చినవాడు సజ్జనుడగుట చాలదు. అతడు వెడలిన పిమ్మట అతని రూపమును ధరించి, అతడు రేపిన ఆశను సొమ్ముచేసికొనువారు వత్తురు. నేటి యాత్రాస్థలములలో యాత్రికుని వెనువెంట వచ్చు దళారులును, భూముల బేరగాండ్రును మాయాప్రవరుని సంతతివారే యనిన అతిశయోక్తి కాజాలదు.

3. శిథిలకవిత్వము: మనుష్యులు లేని పట్టణము

1565 యుద్ధానంతరము విజయనగరము పాడుపడెను. 1900లో రాబర్టు సూయెల్ ప్రకటించిన చరిత్రగ్రంథము పేరే విస్మృత సామ్రాజ్యమను నర్థము నిచ్చునది. తెలుగున కోడాలి వెంకటసుబ్బారావు హంపీక్షేత్రము అను కావ్యమును రచించెను. ఆ మార్గమున మరికొందరు కవులును శిథిలములను చూచి కంటతడిపెట్టిరి. పరపాలనలో నున్న జాతికి తన పూర్వవైభవమును జ్ఞప్తికి తెచ్చి, ఆత్మగౌరవమును నిలిపినందుకు ఆ కవులకు తెలుగుజాతి ఋణపడియున్నది. ఇందు వివాదము లేదు.

కాని ఆ శోకమునకు శూన్యత ఆవశ్యకము. మొండిగోడలమధ్య కాపురము చేయు సంసారియు, రాతి మంటపమున చాయకొట్టు నడుపువాడును ఆ దృశ్యమున ఇముడరు. కవి వారిని విడిచిపెట్టుట కావ్యధర్మము కావచ్చును. పాఠకుడు ఆ కావ్యమునే కన్నులుగా చేసికొని పోయి, అచట నున్నవారిని అడ్డుగా భావించుటయే చిక్కు. వాస్తవమున హంపీ ఎన్నడును మృతపట్టణము కాలేదు. సామ్రాజ్యమునకు పూర్వమే వెలసిన విరూపాక్షుడు నేటికిని పూజలందుకొనుచున్నాడు. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆ దేవళము ముందరి వీథిలో యాత్రికులు దిగుటకు తగిన సుందరగృహము లుండెనని వ్రాసెను. నది దాటి ఆనెగొందికి పోవు గుండ్రని బుట్టపడవలను గూర్చియు అతడే వ్రాసెను. బాటసారికి చోటిచ్చుటయు, పుట్టిలో నది దాటించుటయు ఆ గ్రామమునకు 500 ఏండ్ల వృత్తులన్నమాట.

4. నేటి హంపీ: మేలును కీడును

1986లో హంపీ కట్టడములు ప్రపంచ వారసత్వపు పట్టికలో చేరెను. దానివలన కలిగిన మేలు స్వల్పము కాదు. కట్టడములకు రక్షణయు, గ్రామమునకు ప్రఖ్యాతియు లభించినవి. వ్యవసాయముమీదనే ఆధారపడిన కుటుంబములకు రెండవ జీవనాధార మేర్పడినది. మార్గదర్శకులు, పుట్టి నడుపువారు, భోజనశాలలవారు, సైకిళ్ళు అద్దెకిచ్చువారు యాత్రికుల రాకతో బ్రతుకుచున్నారు. అవతలి గట్టున ఆనెగొందిలో స్త్రీలు అరటినారతో బుట్టలు, చాపలు మొదలగునవి అల్లి అమ్ముచున్నారు. పూర్వము తోటలో పారవేయబడుచుండిన అరటిబోదె విష్ణుచిత్తుని యింటి కొబ్బరిచిప్పవలె ఉపయోగమునకు వచ్చినది. ఊరిలో నున్న వస్తువును, ఊరివారి చేతిపనిని అతిథి కొని తీసికొనిపోవు ఈ పద్ధతి ఉత్తమమైనది.

కీడు సంగతి. తుంగభద్రపై నిర్మింపబూనిన వంతెనవలన క్షేత్రస్వరూపము చెడునను కారణమున 1999లో హంపీ ప్రమాదస్థితిలో నున్న స్థలముల పట్టికకెక్కెను. 2006లో అందుండి తొలగింపబడెను. 2009 జనవరిలో, నిర్మాణము ముగియకమునుపే ఆ వంతెన కూలి, పనివారు మరణించిరి. వారసత్వ రక్షణకై 2002లో ప్రత్యేకముగా ఒక చట్టము చేయబడి, అధికారసంస్థ యేర్పడినది. 2011 జూలైలో విరూపాక్షుని ముందరి బజారువీథిలోని ఇండ్లును అంగళ్ళును యంత్రములతో కూలద్రోయబడెను. ప్రాచీనమంటపములను ఇటుకగోడలతో మూసి కాపురములు చేయుటవలన వాటికి హాని కలిగిన మాట సత్యము. వాటిని కాపాడుట ప్రభుత్వమునకు ధర్మము. కాని గుడికి ఎదుట దినమంతయు యాత్రికులకు అన్నపానములు సమకూర్చిన కుటుంబములు, ఆ యాత్రికుల నిమిత్తమై తీర్చిదిద్దిన స్థలమునుండియే వెడలవలసివచ్చుట విచారింపదగినది. అవతలి గట్టున విరూపాపుర గడ్డెలో విహారగృహములు విచ్చలవిడిగా వెలసి, సుప్రీంకోర్టు తీర్పునకు లోబడి 2020లో తొలగింపబడెను. మొదట ఉదాసీనతతో పెరుగనిచ్చుట, పిదప ఒక్కమారుగా పడద్రోయుట – ఈ రెండింటియందును నష్టపోయినవారిలో అచట కూలికి వంట వండినవారును, గిన్నెలు కడిగినవారును కలరు. కట్టించినవానికి వేరొకచోట పెట్టుబడి పెట్టు శక్తి యుండవచ్చును. వీరికి వేరొక ఊరు లేదు.

పై వృత్తాంతమును సమగ్రముగా చూచినచో, యాత్రికుల సంఖ్య పెరుగుటయే మేలనుటకును, అదియే కీడనుటకును వీలులేదు. అతిథికి పెట్టు అన్నము ఎవరి పొలమున పండినది, అతడిచ్చు రూకలు ఎవరి పెట్టెలో పడుచున్నవి, ఊరి మార్పును నిర్ణయించునప్పుడు ఊరివారి మాట విన్నవారెవరు – ఈ మూడింటినిబట్టియే మేలుకీడులు తేలును. అరటినార బుట్టయందు ఈ మూడును ఊరివారి చేతిలో నున్నవి. బజారువీథి విషయమున మూడవది వారి చేయి దాటిపోయినది.

5. తెలుగువారి కర్తవ్యము

హంపీ తమదని తెలుగువారును, తమదని కన్నడిగులును చెప్పుకొనుట వినుచునే యున్నాము. 2010లో రాయల పట్టాభిషేకపు పంచశతి ఉత్సవములను ఇరుప్రాంతములవారును జరుపుకొనిరి. ఒక రాజును ఇరువురు ప్రేమించుటలో తప్పు లేదు. ఐనను, హంపీ తమదనుటకు మించిన బాధ్యత హంపీవారు తమవారనుటలో నున్నది. ఈ విషయమున కర్ణాటకాంధ్రులకు ఒక విశేషాధికారము కలదు. వీరి పూర్వులు అతిథులుగా వచ్చి ఈ నేలపై నిలిచిరి. నేడు వీరే వచ్చువారికి ఆతిథేయులు. పంక్తిలో కూర్చుండుటయు, పొయ్యివద్ద నిలుచుటయు రెండును వీరెరుగుదురు. కన్నడము వచ్చిన కారణమున పుట్టివానితోను పండ్లమ్మితోను మాటలాడగల తెలుగువారును వీరే.

కావున తెలుగు పాఠశాలల బాలబాలికలను హంపీకి తీసికొనిపోవునపుడు, భువనవిజయపు కథలతోపాటు విష్ణుచిత్తుని వంటయింటి ఘట్టమును ముందుగా చదివించుట మంచిది. రాతిరథమును చూచివచ్చిన పిమ్మట, తమకు భోజనము పెట్టినవారి పేరేమి, వారి ఊరేది, ఏటిలో ఎన్ని నెలలు వారికి పని దొరకునని వ్రాయుమని వారి నడుగవచ్చును. సంఘములు యాత్రలను ఏర్పరచునపుడు, పెద్ద హోటళ్ళలో ముందుగానే భోజనములు కుదుర్చుకొనక, గ్రామస్థుల యిండ్లలోను చిన్న పూటకూళ్ళలోను భుజింపవచ్చును; బేరమాడక న్యాయమైన వెల నీయవచ్చును; ఒక్క పండుగదినముననే గుమిగూడక, ఊరివారికి పని తక్కువగా నుండు మాసములలో పోవచ్చును. ఇవి చిన్న పనులే. వీనికి చట్టములతో గాని నిధులతో గాని నిమిత్తము లేదు.

రాయల రాజభవనమున నేడు మిగిలినది పునాది మాత్రము. ఆయన కావ్యమున వంట వండు స్త్రీ కంటికి పొగ సోకరాదను శ్రద్ధ చెక్కుచెదరక నిలిచియున్నది. హంపీకి పోవు తెలుగువాడు ఆ శ్రద్ధను వెంట తీసికొనిపోయినచో, రాయల వారసుడనని చెప్పుకొనుటకు అతనికి కొంత యర్హత కలుగును.