వేకువ వలయమా

తుపానుకు కాపలా కాసే కంట్లో పక్షులు గీసే గీతవు. వేకువ వలయమా, నీకు దండం.

దక్షిణ కెరొలినాలో మర్రే సరస్సు నడుమ బాంబ్ ఐలండ్ అని ఓ చిన్న దీవి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బి-25 విమానాల వాళ్లు గురి నేర్చుకోవడానికి బాంబులు వేసిన నేల. ఆ నేలనే పర్పుల్ మార్టిన్ పిట్టలు నిద్రకు ఎంచుకున్నాయి. వేసవిలో, పిల్లలకు రెక్కలొచ్చాక, లక్షలుగా చేరి కొమ్మ కొమ్మనా ఒరుసుకుని పడుకునేవి. ఒక్కోటి యాభై గ్రాముల ప్రాణం. ముందున్నది బ్రెజిల్ దాకా దారి.

పొద్దు పొడవక ముందే అన్నీ లేస్తాయి. దగ్గర్లోని వాతావరణ రాడార్ తెర మీద మొదట ఒక చుక్క. కాసేపటికి నడుమ ఖాళీ అవుతుంది, చుక్క వలయమవుతుంది. చెరువులో రాయి పడ్డ చోటు నుంచి అల జరిగినట్టు నువ్వు జరుగుతావు. వానచినుకుల కోసం పంపిన పది సెంటీమీటర్ల తరంగానికి ఆ చిన్ని ఒళ్లలోని నీరు తగిలిందన్న మాట. నీరు నీరే కదా, మబ్బులో ఉన్నా గుండెలో ఉన్నా!

సాయంత్రం మాత్రం నువ్వు కనబడవు. పురుగుల వేట ముగించి, పిట్టలు కొన్ని ముందూ కొన్ని వెనకా వచ్చి వాలతాయి. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేలను వదిలి ఎత్తెక్కుతుంది. కిందుగా వచ్చే రెక్కలు దానికి అందవు. చేరిన సంగతి దాచి, బయలుదేరిన సంగతి చెబుతావు. నిన్ను నేను ప్రేమించేది అందుకే. నీ కేంద్రం మీద వేలు పెడితే, ఎవరూ చూడని రాత్రి బస ఎక్కడిదో తెలుస్తుంది.

యుద్ధకాలంలో బ్రిటన్‌లో రాడార్ తెరల మీద అంతుబట్టని మెరుపులు కనబడితే, అవి పక్షులేనని డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ తేల్చి 1945లో ప్రకటించారు. తర్వాత అమెరికాలో సిడ్నీ గోత్రో జీవితమంతా ఈ చదువుకే ఇచ్చాడు. వాళ్లకూ దండం.

2014 వేసవిలో ఆ దీవికి పిట్టలు రాలేదు. కొమ్మలు అవే, నీరు అదే. తూర్పు అమెరికాలో ఈ పక్షులు దాదాపు పూర్తిగా మనుషులు కట్టిన గూళ్లలోనే పిల్లల్ని చేస్తాయి. ఒకప్పుడు అక్కడి ఆదివాసులు సొరకాయ బుర్రలు వేలాడదీసి పిలిచేవాళ్లు. అంత దగ్గరి చుట్టాలు బస మార్చినా మనకు చెప్పరు. నువ్వే చెప్పాలి.

అమెరికాలో ఇలాంటి వాతావరణ రాడార్లు సుమారు 160. వాన లెక్కల కోసం 1990ల నుంచి దాచిన వేకువలన్నిటిలోనూ నువ్వున్నావు. ఇప్పుడు యంత్రాలు నిన్ను వెతికి పడుతున్నాయి. మహా సరస్సుల తీరాన రెండు దశాబ్దాల వలయాలు చదివితే, మార్టిన్లూ స్వాలోలూ ఎక్కువగా గుమిగూడే కాలం దశాబ్దానికి రెండు రోజులకు పైగా ముందే వస్తోందని తేలింది. విచ్చుకో, వలయమా, వచ్చే వేసవికీ విచ్చుకో. ఏ రోజున, ఏ నీటి ఒడ్డున లేచావో మేం రాసుకుంటూనే ఉంటాం.