నాలుగుంబావు శ్రుతి

పోయిన నెల ఓ ఆదివారం రాత్రి పదింటికి ఫోన్ మోగింది. అవతల మా సంగీతం టీచర్‌గారు. డెబ్భై దాటిన మనిషి, ఆ వేళప్పుడు ఎవరికీ ఫోన్ చెయ్యరు.

"ఏమయ్యా, నువ్వు పంపిన పాట విన్నాను. ఎవరు పాడారిది?"

"మీరేనండీ. పొద్దున మా ఇంట్లో పాడారుగా."

"నేను పాడింది ఐదు శ్రుతిలో. ఇది నాలుగూ కాదు, నాలుగున్నరా కాదు. నాలుగుంబావు! నా హార్మోనియం మీద ఆ మెట్టే లేదు. గొంతేమో మా అన్నయ్య గొంతులా ఉంది. ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదండీ" అన్నాను. ఇంట్లో స్టూడియో పెట్టుకున్న ప్రతివాడూ మొదట అనే మాట అదే. రెండోసారి అనడానికి మాత్రం ధైర్యం చాలదు.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. బెజవాడలో మా ఇంటి వెనక గది. నిరుటిదాకా అందులో ఊరగాయ జాడీలుండేవి. జాడీలు వంటింటి అటక మీదికి వెళ్లాయి, వాటి చోట్లోకి కంప్యూటర్, ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు స్పీకర్లు, మూడు మైకులు వచ్చాయి. గోడలకి బొంతలు వేలాడదీశాను. రికార్డింగ్ అప్పుడు ఫ్యాన్ ఆపాలి. మే నెలలో ఫ్యాన్ ఆపిన గదిలో కూచుని పాడమనడం ఎంత పాపమో పాడేవాళ్లకే తెలుసు.

ఆ పూట టీచర్‌గారు ఆది తాళంలో ఓ కీర్తన పాడారు. మృదంగం తర్వాత చేర్చుకోవాలని హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ పెట్టాను. టెంపో 72 చాలన్నారు, 72 అని కొట్టాను. రెండు ఆవర్తనాలు తాళం వేసి చూసి, "ఇది పరిగెడుతోందయ్యా" అన్నారు. తెర చూపించాను. అక్కడ 72 అనే ఉంది. "కంప్యూటర్ లెక్క తప్పదండీ" అని కూడా అన్నాను. ఆవిడ నా మొహం వంక ఓసారి చూసి, "సరే, నీ యిష్టం" అని పాడేశారు. మళ్లీ వినిపిస్తే గొంతూ, శ్రుతీ అచ్చం పాడినట్టే ఉన్నాయి. సాయంత్రం ఫైలు పంపాను. రాత్రికి ఫోనొచ్చింది.

అర్ధరాత్రి దాకా అనుమానించాల్సినవన్నీ అనుమానించాను. ముందు ఆవిడ ఫోన్. ఫైలు నా ఫోన్లో వేసినా అదే మగగొంతు. తర్వాత ఎంపీత్రీగా మార్చడంలో ఏదైనా జరిగిందా అని మార్చని ఫైలే వేసి చూశాను, అదే కథ. పొరపాటున ఏదైనా ఎఫెక్టు తగిలించానా అంటే ఒక్కటీ లేదు. చిత్రమేమిటంటే, అదే పాట నా గదిలో, నా స్పీకర్లలో సరిగ్గా ఐదు శ్రుతిలో వినిపిస్తోంది. గది దాటితే కిందికి దిగుతోంది.

ఈ పనిలో నేను కష్టపడి నేర్చుకున్నది ఒకటుంది. చెడినప్పుడు నాలుగు మీటలూ ఒకేసారి నొక్కకూడదు. ఒకటి మార్చాలి, వినాలి, దాన్ని మళ్లీ ఉన్నచోట పెట్టి రెండోదానికి వెళ్లాలి. ఆ రాత్రి ఆ నియమం పక్కన పెట్టి సగం మీటలు నొక్కేశాక, విసుగొచ్చి తెర మీద నడిచే గడియారం వంక చూస్తూ కూచున్నాను. పాట నడుస్తుంటే నిమిషాలూ సెకన్లూ చూపించే గడియారం అది. సెకన్లు కాస్త తొందరగా మారుతున్నట్టు అనిపించింది. ఫోన్లో స్టాప్‌వాచ్ తీసి పక్కన పెట్టి, రెండూ ఒకేసారి నడిపించాను. ఫోన్ 60 చూపించేసరికి తెర 65 దాటింది.

అప్పుడు దొరికింది దొంగ. బల్ల కింద ఉంది.

అంతకు వారం ముందు మృదంగానికి మరో రెండు మైకులు కావాలని ఓ మిత్రుడి దగ్గర పాత డిజిటల్ ప్రీయాంప్ డబ్బా తెచ్చాను. సన్నటి ఆప్టికల్ వైరుతో ఇంటర్‌ఫేస్‌కి కలిపాను. అలా కలిపినప్పుడు రెండింట్లో ఒకదాని గడియారాన్ని రెండోది అనుసరించాలి. లేకపోతే పాట నిండా టిక్కు టిక్కుమని చప్పుళ్లు. అందుకని ఇంటర్‌ఫేస్‌కి 'బయటి క్లాక్ చూసుకో' అని చెప్పాను. ఆ డబ్బా వెనక చిన్న మీట 48 దగ్గర ఉంది. కంప్యూటర్‌లో పాట పెట్టుకున్నది 44.1 దగ్గర.

ఈ అంకెలు సెకనుకి ధ్వనిని ఎన్ని ముక్కలుగా కొలుస్తారన్న లెక్క. సీడీకి 44,100, వీడియో పనికి 48,000. మా గదిలో సెకనుకి 48 వేల ముక్కలు లోపలికి వస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం 44,100 ముక్కలు కాగానే సెకనైపోయిందనుకుంటోంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అదే పొరపాటు కాబట్టి గదిలో ఒకదానికొకటి చెల్లు. 72 అని పెట్టిన క్లిక్ మాత్రం నిజంగా 78కి పైన కొడుతోంది. టీచర్‌గారు "పరిగెడుతోంది" అన్నది దాన్నే. ఆ ఫైలు ఫోన్లోకి వెళ్లాక, ఫోన్ దాని నొసట రాసిన 44.1ని నమ్మి నెమ్మదిగా వాయిస్తుంది. 4 నిమిషాల పాట 4 నిమిషాల 21 సెకన్లకి సాగుతుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర మెట్లు దిగుతుంది. ఐదు నుంచి అంత దిగితే తేలేది నాలుగుకీ నాలుగున్నరకీ సరిగ్గా నడుమ. ఆవిడ చెవి చెప్పిన నాలుగుంబావు అక్కడే ఉంది. నేను కాలిక్యులేటర్‌తో ఆ లెక్క తేల్చేసరికి ఒంటిగంటయింది.

కచేరీలో తాళం ఒక్కరే వేస్తారు. గాయకుడి చెయ్యి ఒక కాలం చూపించి, మృదంగం మరో కాలం పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. యంత్రాలకీ అంతే. కీబోర్డులూ డ్రమ్ యంత్రాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి అనే భాష 1983లో వచ్చింది. అందులో లీడ్ చేసే యంత్రం ఒక్కో బీటుకి 24 సార్లు టిక్కుమంటుంది, మిగతావి ఆ టిక్కులు లెక్కపెట్టుకుంటూ వెంట నడుస్తాయి. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కకెహాషి దానికి పెద్దలు. ముప్పై ఏళ్లయ్యాక, 2013లో, వాళ్లిద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మధ్యలో కంప్యూటర్లు ఎన్ని తరాలు మారినా ఆ 24 మారలేదు. లీడ్ ఎవరన్నది మాత్రం ఇప్పటికీ మనమే చెప్పాలి. ఇద్దరికి చెప్పామా, రెండు గడియారాలున్న ఇల్లే.

రూటింగ్ గొడవ, అంటే ఏ శబ్దాన్ని ఏ దారిన పంపాలన్నది, వేరే రకం. ప్రకాశం బ్యారేజీ దగ్గర పెరిగినవాణ్ణి కాబట్టి నాకు అది కాలవల లెక్కలోనే అర్థమైంది. ఏలూరు కాలవకి వదలాల్సిన నీళ్లు బందరు కాలవకి వదిలితే తప్పు నదిదీ కాదు, కాలవదీ కాదు, లాకు దగ్గరున్న మనిషిది. మా గదిలో ఆ మనిషిని నేనే. ఒకసారి ఓ కుర్రాడు పాడుతూ, "అన్నా, నా వెనక ఎవరో పాడుతున్నారు" అని హెడ్‌ఫోన్స్ పీకేశాడు. వాడి గొంతు ఇంటర్‌ఫేస్ నుంచి తిన్నగా ఒక దారిలో, కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగొచ్చి రెండో దారిలో, రెండుసార్లు చెవిన పడుతోంది. ఒక తూము మూస్తే సరిపోయింది. రెండో దారిలో వచ్చే ఆలస్యం మనం పెట్టుకునే బఫర్‌ని, అంటే కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకునే ముక్కల లెక్కని, బట్టి ఉంటుంది. 44.1 దగ్గర 256 ముక్కల బఫర్ అంటే సుమారు 6 మిల్లీ సెకన్లు. గాల్లో శబ్దం అంతసేపట్లో రెండు మీటర్లు పోతుంది, అంటే మృదంగం ఎదురుగా కూచుని విన్నట్టే. 1024 పెడితే 23 మిల్లీ సెకన్లు, మృదంగాన్ని వీధి గుమ్మంలో కూచోబెట్టినట్టు. పైగా పోవడానికోసారి, రావడానికోసారి కలుపుకోవాలి. పాడేటప్పుడు చిన్న బఫర్, మిక్స్ చేసేటప్పుడు పెద్దది. దీని మీద ఇంతకంటే చర్చ అనవసరం.

హమ్ గురించి మాత్రం కాస్త చెప్పాలి, ఎందుకంటే అది ప్రాణాలతో ముడిపడిన సంగతి. స్టూడియో పెట్టిన కొత్తలో స్పీకర్లలోంచి గుయ్యిమని ఒకటే మోత. ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే ఆగేది. మైకు జాలీకి పెదవి తగిలిన ఓ గాయని "చురుక్కుమంది" అని వెనక్కి జరిగింది. తెలిసినవాళ్లంతా ఒకటే సలహా ఇచ్చారు, ప్లగ్గులో పైనుండే లావు పిన్ను విరిచెయ్యమని. చాలా గదుల్లో అలాగే చేస్తారు, మోత పోయిందని మురిసిపోతారు. పోయింది మోత కాదు, షాక్ కొట్టకుండా కాచే కాపలా. నేను ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. అతను కంప్యూటర్ వైపు కూడా చూడలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్లి ఎర్త్ గుంత మీది బండ తీసి, "ఇందులో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందండీ?" అన్నాడు. ఇల్లు కట్టినప్పుడు ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గుంత, ఎండకి పెంకులా ఎండిపోయింది. ఉప్పూ బొగ్గూ కొత్తగా వేసి, రెండు బిందెల నీళ్లు పోయించాడు. ఆ చురుకు పోయింది. తర్వాత వేర్వేరు ప్లగ్గుల్లో ఉన్న సామాను మొత్తం ఒకే బోర్డుకి తెచ్చేసరికి మోత కూడా తగ్గింది. ఎండాకాలంలో తులసికోటకి పోసేటప్పుడు గుంతకీ ఓ చెంబు పోస్తున్నాం.

ఇక తాళాలు. ఈ సాఫ్ట్‌వేర్లు తెరవగానే నాలుగు బీట్ల లెక్కలో మొదలవుతాయి. ఏడక్షరాల మిశ్రచాపుకి అలాగే వదిలేస్తే క్లిక్‌లో గట్టి దెబ్బ ఓసారి సమం మీద, మరోసారి ఎక్కడో పడుతూ, 28 అక్షరాలకి గానీ మళ్లీ కలవదు. "మీ కంప్యూటర్‌కి నాలుగు దాటి లెక్క రాదాండీ?" అని ఓ మృదంగ విద్వాంసుడు నవ్వారు. ఏడు చేసి పెట్టినా ఆయన మొహం విప్పారలేదు, అందులో మూడు, రెండు, రెండు అన్న నడక లేదు కదా. చివరికి ఆయనచేతే రెండు ఆవర్తనాలు వాయించుకుని, దాన్నే తిప్పి తిప్పి క్లిక్ బదులు వాడాను. పద్యానికి మాత్రం క్లిక్ పెట్టను. నాటకం పద్యం రాగం తియ్యడాన్ని గడియారానికి కట్టెయ్యగలిగే సాఫ్ట్‌వేర్ ఇంకా పుట్టలేదు, పుట్టినా మా గదిలోకి రానివ్వను.

మళ్లీ టీచర్‌గారి దగ్గరికి వస్తాను. ఆ రాత్రే ఫైలు నొసట 44.1 చెరిపి 48 అని దిద్దాను. శ్రుతి ఐదుకి వచ్చి నిలబడింది, గొంతు ఆవిడదే అయింది. పొద్దున్నే వెళ్లి వినిపించాను. విని, "శ్రుతి దిద్దావు, బాగుంది. కాలమో?" అన్నారు. నిజమే. నా క్లిక్ ఆవిణ్ణి 78లో పరిగెత్తించింది, ఆవిడ ఆ పరుగులోనే పాడారు. "సాగదీసి 72కి తెస్తానండీ, సాఫ్ట్‌వేర్‌లో వీలుంది" అన్నాను.

"నీ సాఫ్ట్‌వేర్ సాగదీస్తుంది సరే, నా ఊపిరిని కూడా సాగదీస్తుందా? ఆదివారం వస్తాలే. ఆ డబ్బా తీసి అవతల పెట్టు."

డబ్బా తియ్యలేదు, మీట 44.1కి మార్చాను. ఆదివారం క్లిక్ పెట్టగానే ఫోన్ స్టాప్‌వాచ్ పక్కన పెట్టి నిమిషం లెక్కపెట్టాను. సరిగ్గా 72 కొట్టింది. ఆవిడ తాళం వేసి చూసి, ఏమీ అనకుండా పాడడం మొదలెట్టారు. పాట నిడివి 4 నిమిషాల 21 సెకన్లు వచ్చింది. ఆవిడ తిట్టిన ఫైలుదీ సరిగ్గా అంతే.