గొల్లభామను నేసే వేళ్లు

సిద్దిపేట గొల్లభామ చీరను చూసినవాళ్లు నెత్తిన కుండతో వరుసగా నిలబడ్డ ఆ బొమ్మలను మెచ్చుకుంటారు. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతలో నేను మెచ్చేది మాత్రం నేతగాళ్ల వేళ్లను.

ఆ బొమ్మ అద్దకం కాదు, కుట్టూ కాదు. నాడె అటునుంచి ఇటు పోయాక, బొమ్మ పడాల్సిన చోట పడుగు పోగుల సందున రంగు నూలును వేళ్లతోనే దూర్చాలి. పేకను దగ్గరికి కొట్టి, మళ్లీ అదే పని. ఒక్క పోగు తప్పినా భామ నడుము వంకర పోతుంది.

ఇంత పని చేసే వేలిలో, దాన్ని వంచే కండరమే లేదు. ఆ కండరాలు ముంజేతిలో ఉంటాయి. మగ్గం గుంటలో కాలు తొక్కితే పైన పోగులు లేచినట్టే, ముంజేతిలో కండరం బిగిస్తే, దాన్ని ఎముకకు కట్టే తాడులాంటి స్నాయుబంధనం లాగి వేలు వంగుతుంది. కుడి ముంజేతిని ఎడమచేత్తో పట్టుకుని కుడి వేళ్లు ఆడించి చూడండి, ఆ కదలిక తెలుస్తుంది.

వేళ్లను, బొటనవేలిని వంచే 9 స్నాయుబంధనాలు మణికట్టులోని ఇరుకు దారిగుండా, ఒక ముఖ్యమైన నరంతో కలిసి సాగుతాయి. పై వరసవి నడిమి కణుపును, లోపలి వరసవి వేలి కొసను వంచుతాయి. నూలుపోగును సుతారంగా పట్టే నేర్పులో అరచేతిలోని చిన్న కండరాలకూ వాటా ఉంది.

ఈ అమరిక అందరి చేతికీ ఉన్నదే. దాన్ని ఇంత పనితనంగా మలిచింది నేతగాళ్ల ఏళ్ల సాధన. చీరను బేరమాడేటప్పుడు నూలు ఖరీదుతోపాటు దాన్నీ లెక్కలో వేసుకోవాలి.