పైహద్దు లేని బరువు

మహిళల జూడోలో చివరి తరగతిని ‘78 కిలోల పైన’ అంటారు. కింది తరగతులన్నిటికీ పైహద్దు ఉంటుంది. తూకంలో ఆ హద్దు దాటితే పోటీకి రానివ్వరు. ఈ ఒక్క తరగతికి మాత్రం కిందిహద్దే తప్ప పైహద్దు లేదు. స్త్రీ శరీరాన్ని ‘ఇంతకు మించకూడదు’ అనని చోటు ఇంకెక్కడైనా ఉందా అని ఆలోచిస్తే నాకు తట్టలేదు.

మన సాహిత్యమే చూడండి. ప్రబంధ నాయికకు నడుము ఉందో లేదో తెలియదు. ఆధునిక కథల్లో కూడా నాయిక ‘నాజూకు’గానే ఉంటుంది. లావుగా ఉన్నావిడ కనిపిస్తే అది హాస్య సన్నివేశమన్న మాటే. ఇంకోపక్క ఆడపిల్లే ఒక బరువు. పెళ్లి చేసిన తండ్రి ‘బరువు దించుకున్నాను’ అంటాడు. ఆమె ఒంటికి బరువుండకూడదు, కానీ ఆమె ఇంటికి బరువే! ఈ రెండర్థాల మధ్య పెరిగిన మన భాష ఒక హెవీవెయిట్ క్రీడాకారిణి గురించి ఎలా మాట్లాడుతుంది?

తూలికా మాన్ సంగతి తీసుకుందాం. తండ్రి చిన్నప్పుడే చనిపోతే ఢిల్లీ పోలీసు శాఖలో ఉద్యోగం చేసే తల్లి ఒంటరిగా పెంచింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 78 కిలోల పై తరగతిలో ఆమె రజతం గెలిచింది. ఆమె గురించి వచ్చిన రాతల్లో తల్లి కష్టం ఉంది, పేదరికం ఉంది, దేశం గర్వించడం ఉంది. తల్లి కష్టం రాయొద్దని కాదు. కానీ ఆ ఫైనల్‌లో తూలిక వజారీతో ముందంజలో ఉండి, స్కాట్లండ్‌కు చెందిన సారా ఆడ్లింగ్టన్ చేతిలో ఇప్పన్‌తో ఓడిపోయింది. ఎదుటి మనిషిని సగం పడగొట్టినట్టు లెక్కించే వజారీకి, పూర్తిగా వెల్లకిలా పడేసి ఆటనే ముగించే ఇప్పన్‌కు మధ్య ఏం జరిగింది? ఆమె పట్టు ఎక్కడ జారింది? ఆ శరీరం ఏం చేసిందో రాయకుండా దాని చుట్టూ ఉన్న కన్నీళ్లనే రాశాం.

2024 పారిస్ ఒలింపిక్స్‌కు భారత్ నుంచి జూడోలో వెళ్లింది ఆమె ఒక్కతే. మొదటి పోటీలోనే 28 సెకండ్లలో ఓడిపోయింది. ఎదుట ఉన్నది క్యూబాకు చెందిన ఇడాలిస్ ఓర్టిజ్. 2008లో కాంస్యం, 2012లో స్వర్ణం, 2016లో రజతం, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో మళ్లీ రజతం గెలిచిన మనిషి. ఆ పేరు పక్కన పెట్టి చూస్తే 28 సెకండ్లు అన్నది ఎగతాళి చేయాల్సిన అంకె కాదు.

ఆ చాప మీద నిలబడటానికే ఆడవాళ్లకు ఎంతకాలం పట్టిందో గుర్తు చేసుకోవాలి. 1959లో రస్టీ కనొకొగి అనే అమెరికన్ స్త్రీ మగవేషంలో న్యూయార్క్ రాష్ట్ర వైఎంసీఏ జూడో పోటీలో దిగి గెలిచింది. ఆడమనిషని తెలియగానే పతకం వెనక్కి తీసుకున్నారు. ఆమే పూనుకుని 1980లో న్యూయార్క్‌లో మహిళల తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిపించింది. పురుషుల జూడో 1964లోనే ఒలింపిక్స్‌లో చేరింది. స్త్రీలకు పతకాల పోటీ పెట్టింది 1992లో.

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల తరగతిలో వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ చాంపియన్. 2000 సిడ్నీకి వచ్చేసరికి 69 కిలోల తరగతిలో ఉంది. వెళ్లేముందు ఆమె బరువు పెరిగిందని, పని అయిపోయిందని రాశారు, ఆమె ఎంపికనే ప్రశ్నించారు. సెప్టెంబర్ 19న స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. అదే శరీరం, అదే బరువు. నిన్న నేరం, ఇవాళ ‘ఉక్కు మహిళ’. అంటే మనం ఆ శరీరాన్ని ఒప్పుకోలేదు. పతకం తెచ్చింది కాబట్టి క్షమించాం, అంతే. పతకం రాని రోజున ఆ క్షమాపణ రద్దవుతుంది.

మా జమ్మికుంట పత్తి మార్కెట్‌కు పేరున్న ఊరు. పుస్తకాల్లో ‘దూదిపింజలా తేలిక’ అన్న ఉపమానం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. దూది తేలికని పత్తి ఏరే ఆడవాళ్లనడిగితే తెలుస్తుంది. వాళ్ల కూలి కిలోల లెక్కనే. పొద్దంతా వంగి ఏరి, మూటగట్టి నెత్తిన పెట్టుకున్నది తూకానికొస్తుంది. జిన్నింగ్ మిల్లులో అదే దూది ఒత్తితే బేలు 170 కిలోలు తూగుతుంది. బరువెత్తడం మన ఆడవాళ్లకు కొత్త కాదు. ఆ పనికి కావాల్సిన భుజాలను, మెడను, తొడలను బలమని పిలవడమే కొత్త. కూలి కోసం ఎత్తితే అది పనిలెక్కలోకే రాదు, ఆట కోసం ఎత్తితే ‘ఆడదానిలా లేదు’ అంటారు.

కాబట్టి స్త్రీవాద విమర్శ అడగాల్సింది క్రీడాకారిణుల మీద మరిన్ని పొగడ్తలు కాదు, వేరే రకం రాత. ఓర్టిజ్ ఎలా నిలబడుతుంది, తూలిక పట్టు ఎలా పడుతుంది, మల్లీశ్వరి 130 కిలోలు భుజాల మీదికి తీసుకున్నాక మోకాళ్లు ఏం చేశాయి, ఇవి రాయాలి. ఓడిన ఆటను కూడా అంతే శ్రద్ధగా రాయాలి. స్త్రీ శరీరం ఎలా కనిపిస్తుందో వందల ఏళ్లుగా వర్ణిస్తూనే ఉన్నాం. అది ఏం చేస్తుందో చెప్పే మాటలను మనమే తయారు చేసుకోవాలి.