సులభ స్థాపన సాధనాలు: విమర్శనాత్మక పరిశీలన

లినక్స్ కంప్యూటర్‌లో అదనపు సాఫ్ట్‌వేర్‌ను చేర్చుకోవడాన్ని తేలిక చేసే సాధనాలు అనేకం ఉన్నాయి. వీటిలో ఏది మంచిదో నిర్ణయించేటప్పుడు చాలామంది ‘ఎన్ని క్లిక్కులతో పని అయింది?’ అని మాత్రమే చూస్తారు. ఈ కొలత చాలదు. సాధనం తాను చేయబోయే పనిని ముందుగా మీకు చూపుతుందా అన్నది అంతకంటె ముఖ్యం. రెండు సాధనాలను పోల్చి చూద్దాం.

మొదటిది ఆటోమాటిక్స్. ఉబుంటు తొలి రోజుల్లో పాటలు, వీడియోలు నడవడానికి కావలసిన కోడెక్‌లను వాడుకరులే విడిగా చేర్చుకోవలసి వచ్చేది. ఆటోమాటిక్స్‌లో కావలసినవాటికి టిక్కు పెడితే అన్నీ ఒకేసారి చేరేవి. కొత్తవారికి ఇది బాగా నచ్చింది. అయితే 2007లో ఉబుంటు డెవలపర్ మాథ్యూ గారెట్ దాని ప్రోగ్రామ్‌ను పరిశీలించి, అది కంప్యూటర్‌కు ప్రమాదకరమని తేల్చారు. ప్యాకేజీ వ్యవస్థ వేసే ప్రశ్నలకు వాడుకరిని అడగకుండా తానే ‘సరే’ అనడం అందులోని ప్రధాన లోపాల్లో ఒకటి. 2008లో ఆ సాధనం నిలిచిపోయింది. అది తీర్చాలనుకున్న అవసరం నిజమైనదే. తీర్చిన పద్ధతి సరైనది కాదు.

రెండవది సినాప్టిక్. ఇది డెబియన్, ఉబుంటులలోని ‘ఆప్ట్’ వ్యవస్థపై పనిచేస్తుంది. మీరు పోతన, వేమన ఫాంట్ల ప్యాకేజీని ఎంచుకున్నారనుకోండి. ఏవి చేరతాయి, ఏవి తొలగుతాయి, ఎంత డౌన్‌లోడ్ అవుతుంది అనే వివరాలు చూపి, మీరు ఒప్పుకున్నాకే పని మొదలుపెడుతుంది. చేసిన మార్పులు తేదీలవారీగా చరిత్రలో ఉంటాయి. లోపాలూ ఉన్నాయి. వేలాది ప్యాకేజీల జాబితా కొత్తవారిని తికమకపెడుతుంది. వివరణలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉండటం తెలుగు మాధ్యమ విద్యార్థికి పెద్ద అడ్డంకి.

ఇప్పుడు ఈ సాధనాన్ని మన పరిస్థితికి అన్వయించండి. ఉదయగిరి దగ్గరి పల్లెలో ఉన్న విద్యార్థి ఇంట్లో నెట్ లేదు; ఆత్మకూరులోని స్నేహితుని ఇంట్లో ఉంది. సినాప్టిక్ ఫైల్ మెనూలో, ఎంచుకున్న ప్యాకేజీల డౌన్‌లోడ్ స్క్రిప్టును తయారుచేసే సదుపాయం ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ఆత్మకూరులో ఫైళ్లను దించుకుని, ఇంటికి వచ్చి అదే మెనూ ద్వారా చేర్చవచ్చు. ఆ ప్యాకేజీ ఆధారపడే ఇతర ప్యాకేజీల చిరునామాలూ అందులోనే ఉంటాయి. స్నేహితునిది విండోస్ కంప్యూటర్ అయితే స్క్రిప్టు నేరుగా నడవదు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అందులోని చిరునామాలను ఒక్కొక్కటిగా బ్రౌజర్‌లో ఇవ్వాలి. ప్యాకేజీల జాబితా పాతబడితే కొన్ని ఫైళ్లు దొరకవు. అప్పుడు బస్సు చార్జీ, ఒక రోజు పని రెండూ వృథా.

కాబట్టి పనిని తేలిక చేయడం వేరు, పనిని కనబడకుండా చేయడం వేరు అని గ్రహించండి. అంతా సవ్యంగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏదైనా చెడినప్పుడు, అడగడానికి దగ్గర్లో ఎవరూ లేని విద్యార్థికి మొదటి రకం సాధనమే దారి చూపుతుంది.

అభ్యాసం: మీరు వాడే ఒక స్థాపన సాధనాన్ని తీసుకోండి. ‘సరే’ నొక్కే ముందు అది మీకు ఏయే వివరాలు చూపుతుందో, ఏవి దాస్తుందో పది వాక్యాల్లో విమర్శించండి.